మొక్కు తీరింది, సాక్ష్యం పోయింది

ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో మా ఇంటి చుట్టుపక్కల తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళలో ఒక్కరికీ నేను చేసిన ఉద్యోగం ఏమిటో సరిగ్గా తెలియదు. చర్చిలో ఆరాధన అయ్యాక టీ తాగుతూ ఎవరైనా అడిగితే "హెల్త్‌లో అండీ, పేపర్ వర్కు" అనేవాణ్ణి. "అంకుల్‌ది హాయైన జాబ్" అని కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. మా ఆవిడ అయితే "ఈయన ఫైళ్ళు చూస్తారు" అని ఒక్క ముక్కలో తేల్చేసేది. అబద్ధం ఏమీ కాదు. ఫైళ్ళే చూశాను. కాకపోతే ఆ ఫైళ్ళలో మనుషులుండేవాళ్ళు.

డాక్టర్లు, నర్సులు, మందుల షాపు ఫార్మసిస్టులు, పళ్ళ డాక్టర్లు. తాగుడికో, మత్తుమందుకో అలవాటు పడి, లేదా మనసు జబ్బు చేసి, పనిలో ప్రమాదం దాకా వచ్చి ఆగినవాళ్ళు. ఈ దేశంలో అలాంటివాళ్ళ లైసెన్సు వెంటనే చించి పారెయ్యరు. కొన్ని షరతులు పెట్టి, వైద్యం చేయించుకోమని, పరీక్షలు ఇమ్మని, ఒక పెద్దమనిషి పర్యవేక్షణలో పనిచేసుకోమని అంటారు. ఆ షరతులు పాటిస్తున్నారా లేదా చూడడం మా పని. మేం పోలీసులం కాదు, వైద్యులం కాదు. మధ్యలో ఉండే గుమాస్తాలం. గుంటూరులో నర్సింగ్ చదివి, ఇక్కడికొచ్చి పిచ్చాసుపత్రి వార్డుల్లో చాలా ఏళ్ళు చేసి, నడుం పట్టేశాక నేను ఈ కుర్చీలోకి వచ్చాను.

మన పిల్లలు కొందరు ఈమధ్య ఇలాంటి ఉద్యోగాల్లో చేరుతున్నారని విన్నాను. వాళ్ళకోసం ఒక్క కేసు చెబుతాను. పేర్లు చెప్పను. ఆనవాళ్ళు కొన్ని మార్చాను. ఇందులో తప్పు నాది, గొప్పతనం వేరే ఆమెది. ఆ రెండూ మాత్రం మార్చలేదు.

ఆమె మత్తు డాక్టరు. అంటే ఆపరేషన్ ముందు మనల్ని నిద్రపుచ్చే డాక్టరు. సొంతూరు కరీంనగర్ వైపు, కాపురం క్రెయిగీబర్న్‌లో. ఫైలు నా బల్ల మీదికొచ్చినప్పుడు మా మేనేజరు అడిగింది, "నీకు తెలిసిన మనిషా?" అని. మెల్‌బోర్న్‌కి ఆ చివర ఆమె, ఈ చివర నేను. ఆమె గుడికి, నేను చర్చికి. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

పని ఒత్తిడి, వరసగా రాత్రి డ్యూటీలు, రెండో కాన్పు పోవడం, అన్నీ కలిసొచ్చాయి. పేషెంటుకి ఇవ్వగా సీసాలో మిగిలిన మత్తు ఇంజెక్షన్‌ను లెక్కప్రకారం పారబొయ్యాలి. ఆమె పారబొయ్యడం మానేసింది. నాలుగు నెలల తర్వాత ఆపరేషన్ థియేటర్ పక్క గదిలో ఆమె సీనియర్ డాక్టరే ఆమెను పట్టుకున్నాడు. ఆయనే అంబులెన్సు పిలిచి, ఆయనే రిపోర్టు రాసి, తర్వాత ఆయనే "ఈమె తిరిగొస్తే నా దగ్గర పనిచేయిస్తాను" అని పూచీ పడ్డాడు. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండే ముసలాయన. నెలనెలా ఆమె గురించి నాకు రిపోర్టు పంపాలి. రెండు పేజీల ఫారంలో ఆయన ఎప్పుడూ రాసేది రెండే మాటలు: "వస్తోంది. సురక్షితం." నేను విసుక్కుని వివరంగా రాయమని ఈమెయిల్ పెడితే మరుసటి నెల మూడు మాటలు వచ్చాయి: "ఇంకా వస్తోంది. సురక్షితం."

ఆమె రోజులు ఎలా ఉండేవో చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ బరువు తెలియదు. పొద్దున్న ఆరింటికి ఫోన్‌లో చూసుకోవాలి, ఇవాళ తన వంతు ఉందా లేదా అని. ఉంటే పనికి వెళ్ళేముందు పరీక్షల సెంటరుకి వెళ్ళి, పరాయి మనిషి ఎదుట నిలబడి చూస్తుండగా మూత్రం ఇవ్వాలి. వారంలో మూడుసార్లు రావచ్చు, వరసగా రెండ్రోజులూ రావచ్చు. జ్వరమైనా, పిల్ల పుట్టినరోజైనా సరే. పెద్ద పెద్ద సర్జన్లు ఈ ఒక్క దగ్గర కూలబడిపోవడం చూశాను. "నన్ను ఇంత అవమానిస్తారా" అని నా మీద ఫోన్‌లో అరిచినవాళ్ళున్నారు. ఈమె రెండేళ్ళలో ఒక్క వంతు తప్పలేదు. ఒకసారి రైళ్ళు ఆగిపోతే టాక్సీలో వెళ్ళి, పన్నెండు నిమిషాలు ఆలస్యమైందని తనే ఫోన్ చేసి చెప్పింది. ఆ పన్నెండు నిమిషాలు రాసుకోవాల్సిన గడి మా ఫారంలో అసలు లేదు.

ఇది కాక మూడు నెలలకోసారి జుట్టు పరీక్ష. తల వెనక నుంచి పెన్సిలంత మందాన ఒక పాయ కత్తిరించి ల్యాబుకి పంపుతారు. మూత్రంలో నాలుగు రోజుల సంగతే తెలుస్తుంది. జుట్టు నెలకి ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి, మూడు సెంటీమీటర్లుంటే మూడు నెలల సంగతి చెబుతుంది. పరీక్ష రోజుకి కనీసం అంత పొడుగు జుట్టు ఉండాలన్నది షరతు. ఈమెకి నడుం దిగిన జడ. ఆ సెంటర్లో సేకరణ చేసే ఆస్ట్రేలియన్ కుర్రాడు, "మేట్, ఇంత జుట్టు నేనెక్కడా చూళ్ళేదు, ఆమె చదువుకునే రోజుల కథ కూడా దొరుకుతుంది ఇందులో" అనేవాడు నాతో.

ఆ ఏడాది జూన్‌లో ఆమె సెలవు అడిగింది. ఇండియాకి మూడు వారాలు. రెండేళ్ళు పూర్తయ్యాయి, ఆగస్టు నుంచి ఆమెకు మళ్ళీ థియేటర్లో మత్తు ఇచ్చే అనుమతి దాదాపు ఖాయమైంది. అప్పటిదాకా ఆమె పేషెంట్లను ఆపరేషన్‌కి ముందు పరీక్షించే క్లినిక్కులోనే కూర్చునేది. విమానం పైలట్‌ని టికెట్ కౌంటర్లో కూర్చోబెట్టినట్టు. సెలవు ఫారంలో కారణం అని ఉన్న చోట ఇంగ్లీషులో రాసింది, "వేములవాడ గుడిలో మొక్కు" అని.

మా ఆఫీసులో నలభై మందిమి. వేములవాడ అన్న మాట చదివి అర్థం చేసుకోగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు సంబరమేసింది. నేను క్రైస్తవుణ్ణి, పైగా గుంటూరు జిల్లావాణ్ణి. వేములవాడ అంటే నాకు తెలిసిందల్లా కోడె మొక్కు. గిత్తను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి అక్కడ కట్టేసి వస్తారు. నర్సింగ్‌లో నా రూమ్మేట్ ఒకడు చెప్పేవాడు. సరే, ఈవిడ కూడా ఒక కోడెను కట్టేసి వస్తుంది కాబోలు అనుకున్నాను. ఫోన్ చేసి, ఇంగ్లీషులో చెప్పాల్సినవి చెప్పి, చివర్లో రూలుకి విరుద్ధంగా రెండు తెలుగు ముక్కలు అన్నాను.

"మొక్కు తీర్చుకుని క్షేమంగా రండి, డాక్టరుగారూ."

"థాంక్స్ సర్," అంది ఆమె. ఆ రెండు మాటల్లో సంతోషం వినబడింది నాకు.

తర్వాత అనుమతి ఉత్తరం పంపాను. ఉత్తరాల కోసం మా ఆఫీసులో అంతకుముందు ఏడాదే కొత్త సిస్టం పెట్టారు. ఒక్క ఉత్తరం తీయాలంటే పదకొండు క్లిక్కులు నొక్కాలి. నేను తెలివిగా పాత ఉత్తరం ఒకటి నా కంప్యూటర్లో దాచి ఉంచుకున్నాను. పేరు, తేదీ మార్చి పంపేసేవాణ్ణి. పిల్లలూ, ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి: ముసలి గుమాస్తా తెలివితేటలంత ప్రమాదం ఇంకోటి లేదు.

జూలైలో, చలి బాగా ముదిరిన రోజున, సెంటరు నుంచి ఆ కుర్రాడు ఫోన్ చేశాడు.

"మేట్, నీ డాక్టరు జుట్టు పరీక్షకి వచ్చింది."

"మంచిదే కదా."

"జుట్టు లేదు."

"పొట్టిగా ఉందా?"

"అసలు లేదు, మేట్. నా మోకాలి మీద ఉన్నంత కూడా లేదు."

అప్పుడు వెలిగింది నాకు. కోడె కాదు. తలనీలాలు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. విదేశానికి వెళ్ళినప్పుడు మూత్ర పరీక్షలుండవు. ఆ మూడు వారాలు ఆమె ఏం చేసిందో తెలుసుకునే దారి ఒక్కటే, జుట్టు. అందుకే కొత్త రూలు పెట్టారు, రెండు వారాలు దాటి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చిన వారంలోగా జుట్టు పరీక్ష ఇవ్వాలని. ఇంకో దారేదైనా ఉందా అని ల్యాబుని అడిగాను. చేతి గోళ్ళలో కూడా జాడ ఉంటుందన్నారు. మత్తు డాక్టరు చేతులకి గోళ్ళెక్కడివి? కండ దాకా కత్తిరించుకుని ఉంటాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అని మనవాళ్ళు అంటారు, ఈమెకి గోరు కూడా లేదు.

మా మేనేజరు సంగతి చెప్పాలి. యాభై దాటిన ఐరిష్ వంశపు ఆస్ట్రేలియన్ మనిషి. ఎప్పుడూ అన్నీ ముక్కుసూటిగా. ఆమెను పేరుపెట్టి పిలవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. విషయం విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"సెలవులో పరీక్షల్లేవు. తిరిగొచ్చేసరికి తల నున్నగా ఉంది. దీన్ని మనం కొత్తవాళ్ళకి పాఠంలో చెబుతాం కదా, దాచేవాళ్ళు చేసే మొదటి పని ఇదేనని."

నేను మొక్కుల గురించి చెప్పాను. కోట్లమంది చేస్తారని, ఆడవాళ్ళూ చేస్తారని, దానికీ మత్తుకీ సంబంధం కట్టడం బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమేనని. ఈ సామెతను ఇంగ్లీషులో చెప్పడానికి పడ్డ పాట్లు వేరే రాయాలి.

"నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను," అంది. "కానీ ఫైలు నమ్మదు. ప్యానెల్ ముందుకి వెళ్ళాల్సిందే."

ప్యానెల్ అంటే ముగ్గురు. వాళ్ళు ఆమె లైసెన్సును ఆ రోజే ఆపేయగలరు. ఆపితే ఆగస్టు థియేటర్ మాట అటుంచి, క్లినిక్కు కుర్చీ కూడా పోతుంది. రెండేళ్ళు పొద్దున్న ఆరింటికి లేచినదంతా నీళ్ళలో పోసినట్టే. ఒకసారి ఆగిన మత్తు డాక్టరును తిరిగి తీసుకునే ఆసుపత్రి దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆమెను ఆఫీసుకి పిలిచాను. ఊలు టోపీ పెట్టుకుని వచ్చింది. నా ఎదురుగా కూర్చుని, నేను అడక్కముందే టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు మునుపటికంటే పెద్దవిగా కనిపించాయి.

"మా పాప టెన్నిస్ బాల్ అంటున్నది సర్," అని కొంచెం నవ్వింది. "అమ్మా, కెన్ ఐ టచ్ ఇట్, అని రోజూ అడుగుతది."

నాకు నవ్వు రాలేదు. "ఎందుకు చేశారమ్మా ఇలా?" అన్నాను. ఇంగ్లీషు మర్చిపోయాను.

"ఆ రోజు మా సీనియర్ సార్ నన్ను పట్టుకున్నంక అంబులెన్సుల మొక్కుకున్న. రెండేండ్లు ముట్టకుండ ఉంటే జుట్టు ఇస్త అని. మా నాయనమ్మ చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అట్లనే మొక్కుతుండె, వేములవాడ రాజన్నకి. అప్పుడు నాకింక ఏం యాదికి రాలే." టోపీ అంచు సరిచేసుకుంది. "నేను కాలిక్యులేట్ చేసిన సర్. పోయేముందు వారమే హెయిర్ టెస్ట్ అయింది. మళ్ళ టెస్టు మూడు నెలలకి. నెలకి సెంటీమీటర్ అంటే అటు ఇటుగ మూడు సెంటీమీటర్లు వస్తది కదా, సరిపోతది అనుకున్న."

"తిరిగొచ్చాక వారంలో పరీక్ష ఉంటుందని..."

"అది నేను అనుకోలే సర్. వచ్చినంక సెంటర్ వాళ్ళు ఫోన్ చేస్తే తెలిసింది."

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఉత్తరంలో రాశాం కదమ్మా" అన్నాను, కొంచెం కటువుగానే. ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. టోపీ పెట్టుకుంది.

ప్యానెల్‌కి ఇవ్వాల్సిన కాగితాల కట్ట తయారుచేయడం నా పనే. మీటింగు సోమవారం. ముందు గురువారం మధ్యాహ్నం కూర్చుని ఒక్కొక్కటే ప్రింటు తీస్తున్నాను. నా అనుమతి ఉత్తరం ప్రింటరులోంచి వచ్చింది. వారంలోపు జుట్టు పరీక్ష అన్న వాక్యాన్ని పసుపు రంగు గీతతో గుర్తు పెడదామని వెతికాను. ఒకసారి చదివాను. రెండోసారి వేలు పెట్టి చదివాను. ఆ వాక్యం లేదు. అది కొత్త ఉత్తరంలో ఉంటుంది. నేను పంపింది పాతది.

ఆ మధ్యాహ్నం నా మనసులో ఏం తిరిగిందో దాచను. రిటైర్మెంటుకి రెండేళ్ళు కూడా లేవు. సర్వీసులో ఒక్క మచ్చ లేదు. కట్టలో పాత ఉత్తరం ఉన్నా, పక్కన రూల్సు పుస్తకం పేజీ పెడితే ఎవరూ పోల్చి చూడరు. రూలు రూలే, ఉత్తరంలో లేకపోయినా ఉన్నట్టే అని సర్దుకోవచ్చు. ఇంత ఆలోచన నాకెలా వచ్చిందో చూడండి, మత్తు లేదు ఏమీ లేదు, ఒట్టి టీ తాగి కూర్చుని. జీవితమంతా వేరేవాళ్ళ సాకులు విని విని, సాకులు కట్టడంలో నేనెంత గట్టివాణ్ణో ఆ రోజే తెలిసింది.

ఆమెకి ఫోన్ చేశాను.

"నేను పంపిన ఉత్తరం మీ దగ్గర ఉందా?"

"ఉంది సర్."

"చదివారా?"

"మూడుసార్లు."

"అందులో పరీక్ష మాట లేదు."

"ఎరుకే సర్," అంది నెమ్మదిగా. "ఆ రోజు మీ ఆఫీసుల కూడ ఎరుకే."

నేను కటువుగా అన్నప్పుడు ఆమె సంచీలో ఆ ఉత్తరం ఉండే ఉంటుంది. తీసి నా ముందు పెడితే కథ అక్కడితో అయిపోయేది. "మీ లాయరుకి చెప్పారా?" అన్నాను.

"లేదు. చెప్పొద్దనుకున్న. సర్, మీకు ఎట్ల చెప్పాలె. నేను ఇంజెక్షన్ తీసుకున్న నాలుగు నెలలు రోజూ ఒక రీజన్ ఉండె నా దగ్గర. అన్నీ నిజం రీజన్సే. డ్యూటీలు ఎక్కువున్నయ్ అన్నది నిజం. బేబీ పోయింది అన్నది నిజం. అబద్ధం రీజన్ అయితే నాకే తెలుస్తుండె. నిజం రీజన్సే నన్ను ముంచినయ్. ఇప్పుడు ఇంకోటి దొరికిందని పట్టుకుంటే మళ్ళ అలవాటైతది. జుట్టే నా ప్రూఫ్ అని నాకు తెల్వదా, డాక్టర్‌ని? తెలిసే ఇచ్చిన. అది నా తప్పు. నా తప్పు వరకు నేను చెప్త."

ఫోన్ పెట్టేశాను. నా ఉద్యోగంలో నాకంటే పెద్దవాళ్ళని, బాగా చదువుకున్నవాళ్ళని ఎందరినో చూశాను. ఇంత నిటారుగా నిలబడ్డ మనిషిని చూడలేదు. ఆమెకి నేను కాపలా అన్న సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ సాయంత్రమే మేనేజరు గదికి వెళ్ళి ఉత్తరం ఆమె ముందు పెట్టాను. పదకొండు క్లిక్కుల సంగతి, కోడె సంగతి, మొక్కు తీర్చుకుని రండి అని నేనే సాగనంపిన సంగతి, అన్నీ చెప్పేశాను. ఆమె చివరిదాకా వింది.

"గురువారం సాయంత్రం నాలుగున్నరకి చెబుతున్నావు ఇది," అంది. "నా వీకెండ్ పోయింది." తర్వాత కాగితం నావైపు జరిపింది. "నీ చేత్తో రాసి మొదటి పేజీగా పెట్టు. వెనక ఎక్కడో కాదు, మొదటి పేజీ. నీకు వార్నింగు నేనే ఇస్తాను, ఇవ్వక తప్పదు. దాని గురించి బెంగపడకు, నాకు రెండొచ్చాయి."

సోమవారం పొద్దున ప్యానెల్ గదిలో ముగ్గురూ వరసగా కూర్చున్నారు. ఆమె టోపీ లేకుండా వచ్చింది. అప్పటికి తల మీద నల్లగా, గరుకుగా కొంచెం మొలిచింది. మొదటి పేజీ చదివిన అధ్యక్షురాలు నావైపు చూసి, తర్వాత ఆమెవైపు చూసి అడిగింది.

"ఈ ఉత్తరంలో పరీక్ష గురించి లేదు. ఇది మీకు అనుకూలం. మీరు రాసిచ్చిన జవాబులో దీని ఊసే ఎత్తలేదు. ఎందుకు?"

ఆమె నాతో చెప్పిందే ఇంగ్లీషులో ఇంకా తక్కువ మాటల్లో చెప్పింది. తన తప్పు ఉత్తరం కంటే ముందే మొదలైందని, సాక్ష్యాన్ని తన చేతులతో ఇచ్చేశానని, ఆ మూడు వారాలు తాకలేదని, కానీ నిరూపించలేనని. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఈమె ఆ చెట్టు కింద తాగానని తనే ఒప్పుకుంటోంది, పాలేనని చూపించడానికి గిన్నె లేదు. ముగ్గురిలో ఒకాయన పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. నమ్మినట్టు లేదు.

తర్వాత ముసలి సీనియర్ డాక్టరు వంతు. రెండు మాటల మనిషి. ఇక్కడ కూడా 'సురక్షితం' అని కూర్చుంటాడేమోనని భయపడ్డాను.

"ఇండియా నుంచి వచ్చిన మర్నాడు, సెంటరు నుంచి ఫోన్ వచ్చిన గంటలోపు, ఆమె నా గదికి వచ్చింది," అన్నాడు. "ఇంకా ఎవరికీ తెలియదు. టోపీ తీసి చూపించి, నేనొక తెలివితక్కువ పని చేశాను, ఇది తేలేదాకా మందుల గది ఉన్న కారిడార్లోకి కూడా నన్ను రానివ్వకండి, అంది. నాలుగు వారాలుగా క్లినిక్కుకి వెళ్ళాలంటే ఆమె భవనం బయటి నుంచి చుట్టూ తిరిగి వస్తోంది. వానలో కూడా. నేను చెప్పలేదు, తనే."

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నలభై ఏళ్ళుగా మత్తు ఇస్తున్నాను. రేపు నాకు ఆపరేషన్ అయితే నన్ను నిద్రపుచ్చడానికి ఈమెనే అడుగుతాను. పెన్ను తిప్పుతున్న ఆయన కూడా అదే చేస్తే మంచిది."

పెన్ను ఆగింది. మా మేనేజరు కిటికీవైపు తిరిగి నవ్వు ఆపుకుంది.

లంచ్ తర్వాత నిర్ణయం చెప్పారు. లైసెన్సు ఆపలేదు. థియేటర్ అనుమతి ఆగస్టు నుంచి ఆరు నెలలు వాయిదా వేశారు. పరీక్షల గడువు కూడా పొడిగించారు. జుట్టు పెరిగాక రెండు నెలలకోసారి జుట్టు పరీక్ష, గడువు ముగిసేదాకా అనుమతి లేకుండా జుట్టు కత్తిరించుకోకూడదు. ఆ చివరి షరతు విన్నప్పుడు ఆమె తల మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. "కత్తిరించుకోవడానికి ముందు రావాలె కదా" అని నాకు మాత్రమే వినబడేట్టు తెలుగులో అంది.

నాకు వార్నింగు బుధవారం వచ్చింది. మేనేజరు సంతకంతో, ఒక పేజీ. కొత్త సిస్టంలోంచి తీసినట్టుంది, పదకొండు క్లిక్కులూ నొక్కి. ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకి చూపించాను. ఆవిడ అంతా చదివి, "ఇన్నాళ్ళకి మీరేదో పని చేసినట్టు కాగితం వచ్చింది" అంది.

ఆ మరుసటి ఫిబ్రవరిలో ఆమె థియేటర్లోకి వెళ్ళింది. ముసలాయన ఆ నెల రిపోర్టులో ఎన్నడూ లేనిది ఒక పూర్తి వాక్యం రాశాడు: "ఇవాళ పదేళ్ళ పిల్లవాడికి మత్తు ఇచ్చింది, వాడు నవ్వుతూ నిద్రపోయాడు." ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టేముందు రెండుసార్లు చదువుకున్నాను. పొద్దున ఆరు గంటల పరీక్షలు నడుస్తూనే ఉన్నాయి. జుట్టు చెవులు దాటింది, మెడ దాటింది, భుజాల మీదికొచ్చింది. ప్రతి రెండు నెలలకీ ఒక పాయ కత్తిరించి పంపారు. ప్రతి పాయా శుభ్రంగానే వచ్చింది. సెంటర్ కుర్రాడు పెళ్ళి చేసుకుని వేరే ఊరు పోయాడు.

పిల్లలూ, ఈ ఉద్యోగంలో మీకు ఒక అలవాటు పడుతుంది. అవతలి మనిషి చెప్పే ప్రతి మాట వెనకా సాకు ఉందేమోనని వెతకడం. అది అవసరమే, నేను కాదనను. కానీ అప్పుడప్పుడు ఆ వెతుకులాట మీవైపు కూడా తిప్పుకోండి. నేను తిప్పుకున్నది ఒక్కసారే, అది కూడా ఒక పేషెంటును చూసి నేర్చుకుని. ఆమె పేషెంటు అనడం కూడా నాకిష్టం లేదు. నాకు తెలిసినవాళ్ళలో అందరికంటే ఆరోగ్యంగా ఉన్న మనిషి ఆమె.

నా ఆఖరి నెలలో ఆమె గడువు ముగిసింది. షరతులన్నీ ఎత్తేస్తున్నట్టు ఉత్తరం నేనే పంపాను, కొత్త సిస్టంలోంచి, ఒక్కో క్లిక్కూ లెక్కపెట్టుకుంటూ. మేం కానుకలు తీసుకోకూడదు, కలవకూడదు, కాఫీ కూడా తాగకూడదు. ఆమెకి అవన్నీ తెలుసు. రెండ్రోజుల తర్వాత ఆఫీసు నంబరుకే ఫోన్ చేసింది.

"సర్, ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివిన."

"అన్నీ ఉన్నాయా ఇందులో?"

"అన్నీ ఉన్నయ్," అని నవ్వింది. వెనక ఎక్కడో హెయిర్ డ్రయర్ చప్పుడు వినిపిస్తోంది.

"ఎక్కడున్నారమ్మా?"

"పార్లర్‌ల ఉన్న సర్. జుట్టు కత్తిరించుకున్న. మెడ దాక. ఎవర్నీ అడగలే."

అలవాటు కొద్దీ నా చెయ్యి ఫైలు మీదికి పోయింది, తేదీ, సమయం రాసుకోవడానికి. ఫైలు మూసేసి ఉంది. పెన్ను కింద పెట్టేసి, "బాగుందా?" అని అడిగాను.